శవాలు అక్కర్లేని వారం

ఈ వారం శవాలు అక్కర్లేదన్నాడు ఏజెంటు పైడిరాజు.
కథ నెమ్మదించిందట.
చచ్చినోళ్లు లేచి తరిమే ఎపిసోడ్లు ఆరయ్యాయి కదా,
ఏడోదాంట్లో బతికున్నవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారట,
ఎవరు ఎవర్ని పోగొట్టుకున్నారో, డబ్బాలో ఉప్పెంత మిగిలిందో.
రోజుకి ఏడొందల చొప్పున నలభైమందిమి
తగరపువలస జంక్షన్లో వ్యాను ఎక్కబోయి ఆగిపోయాం.

సాయంత్రం మళ్లీ ఫోను:
ఒక్కడు కావాలి, ముసలాడైతే మేలు.

చిట్టివలస జూట్ మిల్లు గేటు లోపల
కెమెరాకి పట్టాలు పరుస్తున్నారు.
ఆ గేటు నాకు కొత్త కాదు.
ఇరవైరెండేళ్లు సి షిఫ్టు, పన్నెండో వరస మగ్గం,
టోకెన్ నంబరు నాలుగొందల పద్దెనిమిది.
లాకౌటు కాగితం అంటించిన చోటే
ఆర్టు డిపార్టుమెంటు కుర్రాడు నెత్తుటి చెయ్యి అద్దుతూ
రంగు ఎక్కువైందని తిట్లు తింటున్నాడు.

మేకప్ పిల్ల హేమసుందరి
నా మొహానికి బూడిద పుయ్యబోయి ఆగింది.
"తాతా, నీకు పెద్దగా అక్కర్లేదులే" అని నవ్వి,
ఏమనిపించిందో, నాలిక కరుచుకుని
తన డబ్బాలోంచి ఒక గారె తీసిచ్చింది.
పెదాల మీది నెత్తురు చెరక్కుండా తినడం
ఆరు ఎపిసోడ్లలో నేను నేర్చిన విద్య.

డైరెక్టరుకి ముప్పై దాటి ఉండవు.
నా పక్కన పీపా మీద కూర్చున్నాడు.
"ఇన్నాళ్లూ ఆకలితో నడిచారు.
ఇవాళ ఆకలి లేదు, ఎవర్నీ కరవొద్దు.
చచ్చినవాడికి ఒక్కటి గుర్తుంది.
అదేంటో మీ ఇష్టం. దాని దాకా నడవండి."
"ఎంతసేపు బాబూ?"
"మీకు ఎంత పడితే అంత."
ఈ మిల్లులో ఆ మాట నాతో అన్న
మొదటి మేస్త్రీ అతనే.

మెడ వంచాను. ఎడం కాలు ఈడ్చాను.
అది నటన కాదు, బేలు కింద నలిగిన కాలు.
హుద్‌హుద్ లేపుకుపోయిన రేకుల సందుల్లోంచి ఎండ,
దూలాల మీద పావురాళ్లు.
మగ్గాలు ఏనాడో తుక్కు కింద అమ్ముడైపోయాయి.
నేల మీద వాటి బోల్టుల గుంటలు మిగిలాయి, నాలుగేసి.
లెక్కపెట్టుకుంటూ పోయాను.
పన్నెండో వరస దగ్గర
చేతులు వాటంతటవే లేచాయి.

లేని మగ్గం మీద, తెగిన పోగు కొస పట్టి
బొటనవేలి చుట్టూ తిప్పి, కిందనించి లాగి
గోటితో నొక్కి
ముడి.
మళ్లీ తెగింది.
మళ్లీ ముడి.
తెల్లారుగట్ల మూడింటికి, కళ్లు మూసుకుపోతున్నా
వేళ్లు మాత్రం మేలుకుని వేసేవి.

నన్ను కాల్చాల్సిన పిల్ల, హీరోయిన్,
తుపాకి ఎత్తి, అలాగే ఉండిపోయింది.
"సారీ సార్, ఇంకోటి చేద్దాం" అంది.
రెండో టేకులో కాల్చింది.
పడ్డాను. సిమెంటు చల్లగా ఉంది.
లేవమనేదాకా లేవలేదు,
ఆ నేల మీద పడుకుంటే ఒకప్పుడు
సగం రోజు జీతం కోసేవారు.

ఆదివారం రాత్రి ఎర్రినాయుడి టీకొట్లో
నలభై శవాలమూ టీవీ ముందు చేరాం.
నావి పదకొండు సెకన్లు.
"ఏటి మామా, దోమల్ని తోల్తన్నావా?"
అన్నాడొక గుంటడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
పదమూడో వరస అసిరయ్య ఒక్కడే
టీ గ్లాసు కింద పెట్టి బయటికెళ్లి
చాలాసేపు బీడీ ముట్టించుకోలేకపోయాడు.

వచ్చే వారం మళ్లీ పరుగులేనట, అందరికీ పని.
ఇంటికొచ్చాక నూకరత్నం
కాలికి కర్పూరం నూనె రాస్తూ అంది:
"ముడి తప్పేసినావు.
ఎడం సేత్తో కదా నువ్వు ఏసీవోడివి."
ఆవిడది బేచింగు ఖాతా, నా మగ్గం దారినే
రోజూ మంచినీళ్లకి పోయేది.

నాకు గుర్తు లేదు.
లైటు కిందకి జరిగి, నా ఎడం బొటనవేలు పట్టుకుని
పోగు కోసిన గాటు ఇంకా ఉందా అని
వెతుకుతోంది.